కళ్ళు తిరిగే పేషెంట్లను టీమ్‌గా చూడటం: మన జిల్లాల్లో ఉన్న మనుషులతో, ఉన్న సామానుతో ఎలా?

వంశధార_ఫిజియో, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళంలో ఒక మధ్యస్థాయి ఆసుపత్రి. బుర్ర తిరుగుతోందనీ, తూలు వస్తోందనీ, నడకలో పట్టు తప్పుతోందనీ వచ్చేవాళ్ళను ఇప్పటిదాకా ఎవరి గదిలో వాళ్ళం చూస్తున్నాం. ఫిజీషియన్ దగ్గర మొదలైతే బీపీ, షుగరు, తలకు సీటీ. ఈఎన్‌టీ దగ్గర మొదలైతే వినికిడి పరీక్ష, బీటాహిస్టిన్ అనే తిరుగుడు బిళ్ళ. ఎముకల డాక్టరు దగ్గర మొదలైతే మెడ ఎక్స్‌రే, కాలరు. ఒకే మనిషి ఫైల్లో మూడు జబ్బుల పేర్లు, మూడు చీటీల మీదా స్టెమెటిల్ (తిరుగుడు, వాంతులు అణిచే మందు). నా దగ్గరికి వ్యాయామాలకు వచ్చేసరికి నెలలు గడిచిపోయి ఉంటున్నాయి.

దీన్ని ఒక పద్ధతిలో పెడదామని యాజమాన్యం ఒప్పుకుంది. ఉన్న మనుషులు: ఈఎన్‌టీ, ఫిజీషియన్ రోజూ ఉంటారు. ఆడియాలజిస్టు మంగళ, శుక్రవారాలే. నేను రోజూ ఉంటాను. ఒక స్టాఫ్ నర్సును ఇస్తామన్నారు. న్యూరాలజిస్టు కావాలంటే విశాఖే. సామాను: ఆడియోమీటరు, ట్యూనింగ్ ఫోర్కులు, పరీక్ష బల్ల. వీఎన్‌జీ (కళ్ళ కదలికను రికార్డు చేసే మెషీను) లేదు, ఫ్రెంజెల్ కళ్ళద్దాలూ (చూపు నిలపనివ్వకుండా, కళ్ళను పెద్దవి చేసి చూపించేవి) లేవు. పేషెంట్లు టెక్కలి, పలాస, కవిటి, పాతపట్నం వైపు నుంచి పొద్దున్న బస్సెక్కి వస్తారు. నెలకు ఒకసారి మించి రమ్మంటే కుదరదు. ఉద్దానం వాళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ ఉంటారు.

మొదట ఎవరు చూడాలి? అందరం కలిసి వారానికి ఒక ఓపీ పెట్టుకోవడమే మార్గమా? మెషీన్లు లేకుండా ఎంతవరకు ధైర్యంగా తేల్చవచ్చు? ఇలాంటిది నడుపుతున్నవాళ్ళు వివరంగా చెబితే మేలు.

గంటస్తంభం_ఆడియాలజీ, విజయనగరం

వంశధార గారూ, గదులు కలిపే ముందు కాగితం కలపండి. అందరూ ఒకే రోజు కూర్చునే ఓపీ వినడానికి బాగుంటుంది గానీ, ఒకరు సెలవు పెడితే ఆ వారం మూతపడుతుంది. ఒక ఏ4 షీటు, రెండు వైపులా అచ్చు వేయించండి. అది పేషెంటు ఫైల్లో మొదటి పేజీగా ఉండాలి. ఎవరి గదిలో మొదలైనా ఆ షీటే నిండాలి, ఎవరూ కొత్త షీటు మొదలుపెట్టకూడదు.

మొదట చూడాల్సింది నర్సు. షీటులో పై సగం ఆమెదే. ఇక్కడ ప్రశ్న అడిగే తీరు చాలా ముఖ్యం. "ఎలా ఉంటోంది, గిర్రున తిరుగుతోందా, తేలిపోతున్నట్టుందా" అని అడిగితే ఒకే మనిషి పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెబుతారు. "ఒకసారి వస్తే ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది" అని అడిగితే జవాబు అంతగా మారదు. కాబట్టి షీటులో సమయానికి నాలుగు గళ్ళు పెట్టండి: నిమిషంలోపు, నిమిషాల నుంచి గంటలు, ఆగకుండా ఒక రోజు మించి, మూడు నెలలకు పైగా దాదాపు రోజూ. దేని వల్ల అనే దగ్గర: పక్క మీద దొర్లితే, పైకి చూస్తే, లేచి నిలబడితే, సంతలో జనం మధ్య, ఏ కారణమూ లేకుండా. ఆ తర్వాత చెవి (వినికిడి, హోరు, నిండినట్టుండటం), తలనొప్పి, వెలుతురు పడకపోవడం, గడిచిన ఏడాదిలో పడిపోవడం.

మందుల గడి పెద్దదిగా పెట్టండి. పేర్లు చెప్పమంటే "తెల్ల బిళ్ళ, ఎర్ర బిళ్ళ" అంటారు, అందుకే స్ట్రిప్పులన్నీ సంచిలో తెమ్మని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఎప్పుడైనా టీబీకో, పెద్ద ఇన్ఫెక్షనుకో రోజుల తరబడి ఇంజెక్షన్లు పడ్డాయా అని విడిగా అడగాలి. స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్ లోపలి చెవిలోని బ్యాలెన్స్ భాగాన్ని రెండు వైపులా దెబ్బతీయవచ్చు; ఎమికాసిన్ ఎక్కువగా వినికిడిని దెబ్బతీస్తుంది. రెండు వైపులా బ్యాలెన్స్ దెబ్బతిన్నవాళ్ళకు గిర్రున తిరగడం ఉండదు. చీకట్లో నడవలేరు, నడిచేటప్పుడు ఎదుటివన్నీ ఊగుతాయి. ఎవరూ అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు ఆ ఇంజెక్షన్ల సంగతి చెప్పరు.

మెషీన్ల గురించి: పక్క మీద దొర్లితే తిరిగే రకం, అంటే బీపీపీవీ (లోపలి చెవి కాలువల్లోకి సన్న రేణువులు జారడం వల్ల వచ్చేది), కంటితోనే తెలుస్తుంది. కనుగుడ్డు మెలితిరుగుతూ పైకి కొట్టుకోవడం (దానంతటదే పదే పదే ఎగరడం) అద్దాలు లేకున్నా కనిపిస్తుంది. కానీ అడ్డంగా కొట్టుకునే రకం, పేషెంటు ఒక వస్తువు మీద చూపు నిలిపితే అణిగిపోతుంది. ముఖానికి దగ్గరగా ఖాళీ తెల్లకాగితం పట్టి, పక్క నుంచి కళ్ళు గమనించండి. చూపుకు ఆధారం పోయి కదలిక బయటపడుతుంది. ఫోను వెనక కెమెరాతో వీడియో తీయండి. తీస్తూ "కుడివైపు, ఇప్పుడు పడుకోబెట్టాం" అని గట్టిగా చెప్పండి, లేకపోతే తర్వాత చూసేవారికి ఏ వైపో తెలియదు. నా ఉద్దేశంలో మీరు మొదట కొనాల్సింది ఫ్రెంజెల్ అద్దాలు. వీఎన్‌జీ తర్వాత సంగతి.

ఇంకొకటి. నేనైతే వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే 250 నుంచి 8000 హెర్ట్‌జ్ దాకా ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తుందో చూపే పటం) తీస్తాను.

నాగావళి_ఫిజీషియన్, శ్రీకాకుళం

షీటు బాగుంది. కానీ దానికి ముందు ఒక గేటు ఉండాలి. బ్యాలెన్స్ ఓపీ వరుసలో కూర్చోబెట్టకూడని వాళ్ళు ఉంటారు.

కొన్ని గంటలుగా, లేదా నిన్నటి నుంచి ఆగకుండా తిరుగుతూ, దానితో పాటు మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, ముఖమో చెయ్యో కాలో మొద్దుబారడం, మునుపెన్నడూ లేని తలనొప్పి లేదా మెడనొప్పి, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోవడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, నిలబడలేకపోవడం: వీటిలో ఒక్కటున్నా నేరుగా క్యాజువాలిటీకి. "చివరిగా ఎన్ని గంటలకు బాగున్నారు" అనే సమయం షీటు మీద రాయాలి. స్ట్రోకైతే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలు. కవిటి నుంచి వచ్చేవాళ్ళకు దారిలోనే అందులో సగం పోవచ్చు, కాబట్టి ఫోనులో ఇవి వింటే ఓపీకి రమ్మనకుండా 108కి చేయమని నర్సు చెప్పగలగాలి.

సీటీ మీద నమ్మకం తగ్గించుకోవాలి. రక్తస్రావం కనిపిస్తుంది గానీ, చిన్నమెదడులో, మెదడు కాండంలో కొత్తగా వచ్చిన స్ట్రోకును సీటీ ఎక్కువసార్లు పట్టుకోలేదు. కొత్త స్ట్రోకు కోసం తీసే డిఫ్యూజన్ ఎమ్మారై కూడా మొదటి 48 గంటల్లో చిన్నవాటిని వదిలేయవచ్చు. "సీటీ నార్మల్, ఇంటికెళ్ళండి" అనే మాట ఈ పేషెంట్ల విషయంలో ప్రమాదకరం.

తిరుగుడు చెవిదా మెదడుదా తేల్చడానికి మంచం పక్కన చేసే హింట్స్ పరీక్ష నేర్చుకోండి, కానీ ఎవరికి చేయాలో ముందు నేర్చుకోండి. ఆగకుండా తిరుగుతూ, కళ్ళు కొట్టుకుంటూ ఉన్నవాళ్ళకే అది. పేషెంటు మీ ముక్కు చూస్తుండగా తలను చటుక్కున 10 నుంచి 20 డిగ్రీలు ఒక పక్కకు తిప్పాలి. చెవి జబ్బైతే దెబ్బతిన్న వైపు తిప్పినప్పుడు చూపు జారి, వెంటనే ఎగిరి ముక్కు మీదికి వస్తుంది. స్ట్రోకులో చాలాసార్లు జారదు. రెండోది, కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు కొట్టుకుంటే మెదడు వైపు అనుమానించాలి. మూడోది, రెండు కళ్ళనూ మార్చి మార్చి చేత్తో మూస్తున్నప్పుడు తెరిచిన కన్ను నిలువుగా సర్దుకుంటే అదీ మెదడే. మూడూ చెవి వైపే చూపించి, వినికిడి కొత్తగా తగ్గకపోతేనే ధైర్యం. తిరగడం ఆగిపోయిన మనిషికి ఈ పరీక్ష చేస్తే తల తిప్పినప్పుడు చూపు జారదు, అది స్ట్రోకులా కనిపిస్తుంది, అనవసరంగా విశాఖ పరుగెత్తిస్తారు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ఓపీలో నర్సు చేయాల్సింది బీపీ. కూర్చోబెట్టి ఒకసారి చూస్తే లాభం లేదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే కారణం చెవిలో కాదు, ముందు మందుల సంచిలో వెతకాలి. ప్రాజోసిన్, టామ్సులోసిన్, మూత్రం బిళ్ళలు, ఎమిట్రిప్టిలిన్ ఎక్కువగా దొరుకుతాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ఆ రోజు బీపీ పడిపోతుంటుంది; వాళ్ళను డయాలసిస్ లేని రోజున పిలవండి, వ్యాయామాలూ ఆ రోజుల్లోనే ఎక్కువ పెట్టండి. షుగరు బిళ్ళలు వేసుకుని, బస్సు కోసం తినకుండా వచ్చినవాళ్ళకు వేలి రక్తం తీసి చూశాకే మిగతావి.

ఉద్దానం పేషెంటు షీటు పైన ఎర్ర సిరాతో "కిడ్నీ" అని రాసిపెట్టండి. మైగ్రేన్‌కని డైక్లోఫెనాక్ రాయకుండా, మెనియర్స్‌కని (దఫాలుగా తిరుగుడు, హోరు వచ్చే లోపలి చెవి జబ్బు) మూత్రం బిళ్ళ మొదలుపెట్టకుండా, ఇన్ఫెక్షనుకని జెంటమైసిన్ వేయకుండా ఆ మాట ఆపుతుంది.

ఇక స్టెమెటిల్, అలాంటిదే స్టుజెరాన్. తీవ్రంగా తిరిగి వాంతులవుతున్నప్పుడు మూడు రోజుల దాకా సరే. ఆ తర్వాత అవి మెదడు సర్దుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. పెద్దవాళ్ళకు నెలల తరబడి వేస్తే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం మొదలవుతాయి, దాంతో పార్కిన్సన్స్ అని ఇంకో మందు చేరుతుంది. చీటీ మీద ఆపే తేదీ లేకుండా ఈ మందు రాయకూడదని టీమంతా ఒప్పందం చేసుకోవాలి.

వంశధార_ఫిజియో, శ్రీకాకుళం

ఇద్దరికీ ధన్యవాదాలు. డాక్టరు గారూ, "మెడ ఎముక అరిగింది, అందుకే తిరుగుతోంది" అని బయట చెప్పించుకుని కాలరుతో వచ్చేవాళ్ళకు ఏం చెప్పాలి?

రెండోది, ఎప్లీ (బీపీపీవీకి తలను వరుసగా తిప్పి రేణువులను కాలువలోంచి బయటికి పంపే పద్ధతి) గురించి. కొందరికి రెండు మూడుసార్లు చేసినా తగ్గడం లేదు. ఇంటి దగ్గర చేసుకోమంటే నులక మంచం మీద చేస్తున్నారు. నెలకు ఒకసారే వచ్చేవాళ్ళకు వ్యాయామాల మోతాదు ఎలా పెట్టాలో కూడా చెప్పండి.

నాగావళి_ఫిజీషియన్, శ్రీకాకుళం

యాభై దాటినవాళ్ళలో చాలామందికి మెడ ఎక్స్‌రే తీస్తే ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది, దాన్ని కారణంగా చూపించడం తేలిక. చెయ్యి లాగడం, తిమ్మిరి, చేతి బలం తగ్గడం లేకపోతే కాలరు తీసేయించండి. తల కదపకపోతే లోపలి చెవి నష్టాన్ని మెదడు సర్దుకోదు.

ఇంకో సంగతి, ఒకరు మెడ అని, ఒకరు నరాల బలహీనత అని, ఒకరు గ్యాస్ అని చెబితే పేషెంటు ఎవరినీ నమ్మరు, వ్యాయామం మానేస్తారు. షీటు చివర "పేషెంటుకు చెప్పిన మాట" అని ఒక గీత ఉంచండి. మొదట నిర్ధారించినవారు అక్కడ తెలుగులో ఒక వాక్యం రాయాలి. మిగతా అందరూ అదే చెప్పాలి. ఒప్పుకోకపోతే పేషెంటు ముందు కాదు, ఫోనులో తేల్చుకోవాలి.

బొబ్బిలి_బ్యాలెన్స్, విజయనగరం జిల్లా

వంశధార గారూ, ఎప్లీ పనిచేయలేదంటే ముందు చూడాల్సింది పరీక్ష సరిగా జరిగిందా అని.

డిక్స్‌హాల్‌పైక్ అనే బీపీపీవీ పరీక్ష: కాళ్ళు చాపి బల్ల మీద కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు కుడికి తిప్పి, వేగంగా వెనక్కి పడుకోబెట్టాలి. తల బల్ల అంచు దాటి 20 డిగ్రీలు కిందికి వాలాలి. వెనక్కి వాలడానికి చోటు లేకపోతే భుజాల కింద దిండు. కళ్ళు మూసుకోనివ్వకండి. కనీసం 30 సెకన్లు చూడాలి, ఎందుకంటే కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత కనుగుడ్డు కింది చెవి వైపు మెలితిరుగుతూ పైకి కొట్టుకుంటుంది, నిమిషంలోపు అణుగుతుంది. ఐదు సెకన్లు చూసి "నెగెటివ్" అని లేపేస్తే కేసు పోయినట్టే. తర్వాత ఎడమ వైపు.

రెండు వైపులా ఏమీ లేకపోయినా, అడ్డంగా కొట్టుకున్నా, లోపలి చెవిలోని అడ్డ కాలువ సంగతి చూడాలి (పై పరీక్ష వెనక కాలువది). వెల్లకిలా పడుకోబెట్టి, తల 30 డిగ్రీలు ఎత్తి, కుడికి 90, ఎడమకు 90 డిగ్రీలు తిప్పి చూడండి. నేల వైపు కొట్టుకుంటుంటే ఎక్కువగా కొట్టుకున్న వైపు చెవి జబ్బుది. కప్పు వైపు కొట్టుకుంటుంటే తక్కువగా కొట్టుకున్న వైపు. దీనికి ఎప్లీ పనిచేయదు. అడ్డ కాలువకు ఉన్న వేరే పద్ధతులు, గుఫోనీ గానీ బార్బెక్యూ రోల్ గానీ చేయాలి. మీ "తగ్గని ఎప్లీ" కేసుల్లో కొన్ని ఇక్కడే దొరుకుతాయని నా అనుమానం. ఒక్కోసారి ఎప్లీ చేస్తుండగానే రేణువులు వెనక కాలువలోంచి అడ్డ కాలువలోకి జారతాయి, అందుకే చేశాక మళ్ళీ పరీక్షించాలి. ఆలస్యం లేకుండా కిందికి కొట్టుకుంటూ ఆగకుండా ఉంటే మాత్రం న్యూరాలజీకి.

కుడి వెనక కాలువకు ఎప్లీ: తల కుడికి 45, వెనక్కి పడుకోబెట్టి 30 సెకన్ల నుంచి నిమిషం, కళ్ళు ఆగేదాకా. తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ అంతసేపు. ఇప్పుడు ఒళ్ళంతా ఎడమ పక్కకు దొర్లించి, ముఖం నేల వైపు వచ్చేలా ఉంచి మళ్ళీ అంతసేపు. గడ్డం ఛాతీకి ఆనించి, ఎడమ పక్క నుంచే లేపి కూర్చోబెట్టాలి. చెడేది ఎక్కువగా రెండో దశలో: తల తిప్పేటప్పుడు మెడ పైకి లేస్తుంది, రేణువులు వెనక్కి పోతాయి. మూడో దశలో ముఖం గోడ వైపే ఉండిపోవడం ఇంకొకటి. లేపాక భుజాలు వదలకండి. ఒక్కసారిగా వెనక్కి తూలి పడేవాళ్ళుంటారు, నర్సు వెనక నిలబడాలి. వాంతులు బాగా అయ్యేవాళ్ళకు అరగంట ముందు వాంతి మందు ఇప్పించండి, ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా నయం.

మెడ తిరగనివాళ్ళు, కీళ్ళవాతంతో మెడ పాడైనవాళ్ళు, మెడకు ఆపరేషను అయినవాళ్ళు, ఇటీవల కంటి రెటీనా ఊడి ఆపరేషను చేయించుకున్నవాళ్ళు: వీళ్ళను తల వేలాడేలా పడుకోబెట్టకండి. బల్ల అంచున కూర్చోబెట్టి, పరీక్షించే చెవికి ఎదురు వైపు తల 45 డిగ్రీలు తిప్పి, పరీక్షించే వైపుకే పక్కకు పడుకోబెడితే మెడ వెనక్కి వంగకుండానే ఫలితం తెలుస్తుంది. మెడ మెలితిప్పడం కూడా ప్రమాదమైన చోట ముందు ఫిజీషియన్‌ను అడగండి.

ఇంటి దగ్గర నులక మంచం వద్దు. మధ్యలో కుంగి మెడ ముందుకు వంగిపోతుంది, ఉన్న కోణమంతా పోతుంది. నేల మీద చాప, భుజాల కింద గట్టి దిండు, పక్కన ఇంట్లో ఇంకొకరు. ఇంట్లో చేయమనడం కూడా ఏ వైపో, ఏ కాలువో మీరు తేల్చినవాళ్ళకే. తర్వాత రెండు రోజులు కూర్చుని పడుకోవాలి, వంగకూడదు అనే ఆంక్షలు అక్కర్లేదు. వాటివల్ల భయం పెరుగుతుంది తప్ప చెప్పుకోదగ్గ లాభం లేదు.

వ్యాయామాలు బీపీపీవీకి కాదు, ఒక వైపు చెవి నరం దెబ్బతిన్నవాళ్ళకు, రెండు వైపులా పోయినవాళ్ళకు. ఒక కార్డు మీద "అ" అక్షరం పుస్తకంలో శీర్షిక అంత సైజులో రాసి చేయి చాచినంత దూరంలో పట్టుకోవాలి. చూపు అక్షరం మీదే ఉంచి తల అటూ ఇటూ 20, 30 డిగ్రీలు తిప్పాలి. అక్షరం మసకబారే ముందు వేగం దగ్గర ఆగాలి. నిమిషం అడ్డంగా, కాస్త ఆగి నిమిషం నిలువుగా. కొత్త జబ్బైతే రోజుకు కనీసం మూడు విడతలు, మొత్తం 12 నిమిషాలకు తగ్గకుండా. పాతదైతే రోజుకు 20 నిమిషాలు, నాలుగు నుంచి ఆరు వారాలు. కూర్చుని మొదలుపెట్టి, నిలబడి, పాదాలు దగ్గర చేసి, ఆ తర్వాత గోడకు గళ్ళ లుంగీ వేలాడదీసి దాని ముందు కార్డు పట్టించండి. చేసేటప్పుడు కాస్త తిరగాలి, అసలు తిరగకపోతే మోతాదు చాలనట్టు. ఆపాక 20 నిమిషాల్లో సర్దుకోకపోతే మోతాదు ఎక్కువైనట్టు. ఈ ఒక్క సూత్రం పేషెంటుకు అర్థమైతే నెలకు ఒకసారి వచ్చినా తనే పెంచుకుంటారు, తగ్గించుకుంటారు.

బ్యాలెన్సుకు గది మూల చాలు. వెనక రెండు గోడలు, ముందు కుర్చీ. పాదాలు దగ్గర చేసి కళ్ళు తెరిచి 30 సెకన్లు, మూసి 30 సెకన్లు, తర్వాత ఫోము మీద. ఫోము నాలుగంగుళాల మందం, గట్టిది కావాలి. పాత పరుపు ముక్క నిలబడగానే నేలకు అణిగిపోతుంది.

రెండు చెవులూ పోయినవాళ్ళను విడిగా చూడండి. వాళ్ళకు కార్డు వ్యాయామం పనికొస్తుంది గానీ, తిరుగుడును అలవాటు చేయించే వ్యాయామాల వల్ల ఉపయోగం లేదు. చూపునూ పాదాల స్పర్శనూ వాడుకోవడం నేర్పాలి. చెరువులో, సముద్రంలో ఒంటరిగా దిగవద్దని గట్టిగా చెప్పాలి. నీళ్ళలో మునిగితే పైకి ఎటో వాళ్ళకు తెలియదు. మత్స్యకారుల కుటుంబాలకు ఇది ఇంట్లోవాళ్ళందరి ముందూ చెప్పండి.

కొలతలు పది పెట్టుకోకండి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చునే సమయం ఒకటి, తిరుగుడు రోజువారీ పనులను ఎంత అడ్డుకుంటోందో కొలిచే డీహెచ్‌ఐ ప్రశ్నలు ఒకటి. డీహెచ్‌ఐలో 25 ప్రశ్నలు, అవునంటే 4, అప్పుడప్పుడు అంటే 2, మొత్తం 100. నెల తర్వాత 18 పాయింట్లు తగ్గితే నిజంగా మెరుగైనట్టు లెక్క.

కళింగపట్నం_ఈఎన్‌టీ, శ్రీకాకుళం

గంటస్తంభం గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. అందరికీ మొదటి రోజే ఆడియోగ్రామ్ అక్కర్లేదు. పక్క మీద దొర్లితే తిరిగి, హాల్‌పైక్‌లో కన్ను స్పష్టంగా కొట్టుకున్న మనిషికి వినికిడి ఫిర్యాదు లేకపోతే ఎప్లీ చేసి పంపించేయండి. ఆడియాలజిస్టు రెండు రోజులే ఉండే చోట ఆ సమయం అవసరమైనవాళ్ళకు దక్కాలి: చెవిలో హోరు, నిండుదనం ఉన్నవాళ్ళు, ఒక చెవి మందగించినవాళ్ళు, 20 నిమిషాలకు పైగా ఉండే దఫాలు వచ్చేవాళ్ళు. మిగతావాళ్ళకు 512 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్కు, చెవి దగ్గర గుసగుస చాలు.

మినహాయింపు ఒకటి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే శుక్రవారం దాకా ఆగకూడదు. నుదుటి మధ్య ఫోర్కు పెట్టినప్పుడు బాగున్న చెవి వైపు వినిపిస్తే లోపలి చెవి దెబ్బతిన్నట్టు. ఆ రోజే ఆడియోగ్రామ్ ఎక్కడో ఒకచోట తీయించి, షుగరూ బీపీ చూసుకుని స్టిరాయిడ్ గురించి నిర్ణయించాలి. మొదటి రెండు వారాలు దాటితే ఫలితం పడిపోతుంది. "గుబిలి అడ్డం పడింది" అని చుక్కల మందు ఇచ్చి పంపడం వల్ల పోయిన చెవులున్నాయి.

మెనియర్స్ అని రాసే ముందు కనీసం రెండు దఫాలు, ఒక్కోటి 20 నిమిషాల నుంచి 12 గంటలు, కింది పౌనఃపున్యాల్లో వినికిడి తగ్గినట్టు ఆడియోగ్రామ్, అదే చెవిలో వచ్చిపోయే హోరు లేదా నిండుదనం ఉండాలి. దఫా నడుస్తున్నప్పుడో, ఆ మర్నాడో తీసిన ఆడియోగ్రామ్ విలువైనది. అందుకే అలాంటివాళ్ళకు "వస్తే మంగళవారమో శుక్రవారమో వరుస లేకుండా నేరుగా రండి" అని షీటు మీద రాసివ్వండి. ఉప్పు గురించి "తగ్గించండి" అంటే కూరలో చిటికెడు తగ్గిస్తారు. ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు అని పేర్లు పెట్టి చెప్పాలి. బీటాహిస్టిన్ మీద 2016లో వచ్చిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి బిళ్ళకూ దానికీ తేడా కనిపించలేదు. కొందరికి ఇస్తాను, కానీ తిరుగుడు అన్న ప్రతి ఒక్కరికీ ఏళ్ళ తరబడి రాయడం న్యాయం కాదు.

దఫాల్లో సగమైనా తలనొప్పితో, వెలుతురూ చప్పుడూ పడకపోవడంతో వస్తుంటే వెస్టిబ్యులర్ మైగ్రేన్ (తిరుగుడుగా బయటపడే మైగ్రేన్) గుర్తుకు రావాలి. మన ఓపీల్లో మెనియర్స్ అని రాసిన ఆడవాళ్ళలో ఇది చాలానే ఉంటుంది. ఉపవాసాలు, నిద్ర చెడటం ముందు సర్దాలి. మందు విషయం ఫిజీషియన్‌తో.

రామతీర్థం_కౌన్సెలర్, విజయనగరం జిల్లా

మూడు నెలలు దాటి, దాదాపు రోజూ ఊగుతున్నట్టుండి, నిలబడితే, సంతలోనో బస్‌స్టాండులోనో జనం కదులుతుంటే పెరిగి, పరీక్షలన్నీ బాగున్నవాళ్ళను "ఏం లేదు, టెన్షన్" అని పంపకండి. దీనికి పీపీపీడీ అని పేరుంది, 2017లో నిర్ధారణ నియమాలూ వచ్చాయి. ఎక్కువగా అసలైన చెవి దఫా తర్వాతే మొదలవుతుంది: చెవి సర్దుకున్నా, పడిపోతానేమోనని ఒళ్ళు బిగపట్టి నడవడం మిగిలిపోతుంది. ఫిజియో వ్యాయామాలు చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందు (డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే రకం), ఆలోచనల మీద పనిచేసే కౌన్సెలింగ్ కలిపి చేయాలి. మందు ఇచ్చేటప్పుడు "పిచ్చి మందు కాదు, బ్యాలెన్స్ వ్యవస్థ అతిజాగ్రత్తను తగ్గించేది" అని ముందే చెప్పకపోతే ఇంటికెళ్ళి మందుల షాపులో అడిగి పారేస్తారు. అందుకే షాపు ఫార్మసిస్టును కూడా మీ టీమ్‌లో కలుపుకోండి.

సిక్కోలు_సిస్టర్, శ్రీకాకుళం

నర్సుకు ఇచ్చే పని గురించి చెబుతాను. టీమ్ నిలబడేది ఇక్కడే.

పేషెంట్ల దగ్గర ఒకే ఫోను నెంబరుండాలి, అది నర్సు దగ్గర ఉండే ఆసుపత్రి ఫోను కావాలి. ఎప్లీ అయినవాళ్ళకు వారం తర్వాత ఫోను: "పక్క మీద రెండు వైపులా దొర్లి చూశారా, ఇంకా తిరుగుతోందా?" ఊరికే "ఎలా ఉంది" అంటే "పర్లేదమ్మా" అంటారు. తగ్గకపోతే నెల దాటకుండా మళ్ళీ రప్పించాలి. వ్యాయామం వాళ్ళకు మూడో రోజు, రెండో వారం, నాలుగో వారం. మూడో రోజు ఫోను వదలకండి. ఆ రోజుల్లో తిరుగుడు కాస్త పెరిగి భయపడి మానేస్తారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను వేయించుకుంటారు. ఆ ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. "ఈ మనిషికి మూడు రోజులు మించి స్టెమెటిల్ వద్దు, ఈ గుర్తులుంటే 108" అని రాసిన చిన్న చీటీ పేషెంటు చేతిలో ఉంటే చాలామంది గౌరవిస్తారు.

వీలైతే ఇంటి సంగతి ఆశా కార్యకర్తతో చూపించండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రి దీపం, దొడ్లో తడి గచ్చు, పట్టుకోవడానికి ఒక కడ్డీ, జారే చెప్పులు. గట్టు లేని నుయ్యి దగ్గర నీళ్ళు తోడే పని తగ్గేదాకా ఇంకొకరు చేయాలి. కొబ్బరి చెట్టెక్కేవాళ్ళకు, బోటు మీద వెళ్ళేవాళ్ళకు, బండి నడిపేవాళ్ళకు ఎప్పటిదాకా ఆగాలో తేదీ వేసి చెప్పాలి. "కొన్నాళ్ళు మానేయండి" అంటే కూలి పోతుంది కాబట్టి మర్నాడే ఎక్కేస్తారు. బీపీపీవీ అయితే మళ్ళీ పరీక్షలో ఏమీ లేదని తేలాక త్వరగానే పనికి పంపవచ్చని కూడా చెప్పాలి.

వారానికి ఒకసారి అరగంట అందరూ కూర్చోండి, కానీ బాగైనవాళ్ళ గురించి మాట్లాడుకోవద్దు. రెండుసార్లు ఎప్లీకి తగ్గనివారు, ఈ నెల్లో పడిపోయినవారు, వినికిడి కొత్తగా తగ్గినవారు, ఫోను ఎత్తనివారు. ఈ నాలుగు రకాల షీట్లే నర్సు బల్ల మీద పెట్టాలి.

వంశధార_ఫిజియో, శ్రీకాకుళం

చాలా ఉపయోగపడింది. చివరిగా ఒకటి: విశాఖ ఎవరిని పంపాలి, లెటరులో ఏం రాయాలి? ఇప్పుడు "వర్టిగో, ఎవాల్యుయేషన్ కోసం" అని ఒక్క ముక్క రాస్తున్నాం. మొదటి నుంచి అన్నీ మళ్ళీ చేస్తున్నారు.

కళింగపట్నం_ఈఎన్‌టీ, శ్రీకాకుళం

రెండు చెవుల వినికిడిలో తేడా స్పష్టంగా ఉన్నవాళ్ళు, కళ్ళ కదలిక చెవి జబ్బులా లేనివాళ్ళు, పడిపోతూ కారణం దొరకనివాళ్ళు, ఆరు వారాలు సరిగ్గా వ్యాయామం చేసినా డీహెచ్‌ఐ కదలనివాళ్ళు. అత్యవసరం కానివాళ్ళను విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు పంపేటప్పుడు ముందు రోజే చెప్పండి, పొద్దున్నే ఓపీ చీటీ అందేలా బయల్దేరతారు.

లెటరులో మీ ప్రశ్న ఉండాలి. "కుడి చెవి 2000 హెర్ట్‌జ్ పైన మందగించింది, వినికిడి నరం మీద గడ్డ ఉందా?" అని అడిగితే ఎమ్మారై లోపలి చెవి కాలువకు తీస్తారు; లేకపోతే మామూలు మెదడు ఎమ్మారై తీసి నార్మల్ అని పంపుతారు. కిడ్నీ పేషెంటైతే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ పనితీరు చూపే) అంకెలు లెటరు మీదే రాయండి. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువుంటే ఎమ్మారైకి ఎక్కించే కాంట్రాస్టు మందు గాడోలినియం విషయంలో వాళ్ళు జాగ్రత్తపడాలి, కాంట్రాస్టు లేకుండా సన్నని టీ2 చిత్రాలతో కూడా ఆ గడ్డ కనిపిస్తుంది. ఏ మందు ఎప్పుడు ఆపారో రాయండి, వీఎన్‌జీ తీసే ముందు తిరుగుడు బిళ్ళలు 48 గంటలు ఆగి ఉండాలి. ఫిట్స్ మందు, బీపీ మందు మాత్రం ఆపవద్దని పేషెంటుకు విడిగా చెప్పండి, అన్నీ ఆపేసి బస్సెక్కేవాళ్ళుంటారు.

కళ్ళ వీడియో పేషెంటు ఫోనులోకి పంపి, ఆ సంగతి లెటరులో ఒక వాక్యంగా చేర్చండి. అక్కడికి వెళ్ళేసరికి కళ్ళు కొట్టుకోవడం ఆగిపోయి ఉంటే వాళ్ళకు మిగిలే ఆధారం అదొక్కటే.